దాచిపెట్టిన వేగమేమీ లేదు

విండోస్‌లో సగం వేగాన్ని మైక్రోసాఫ్ట్ వాళ్లు తాళం వేసి దాచారట. రన్ బాక్సులో ఎంఎస్‌కాన్ఫిగ్ అని కొట్టి, బూట్ ట్యాబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరిచి, ప్రాసెసర్ల సంఖ్య పక్కన టిక్కు పెట్టి, అక్కడున్న పెద్ద అంకె ఎంచుకోవాలట. అంతవరకూ ఒక్క కోర్‌తో కుంటుతున్న కంప్యూటర్ ఆపైన ఎనిమిది కోర్లతో పరుగెడుతుందట. ల్యాగ్‌తో విసిగిపోయిన కుర్రాడికి ఇంతకన్నా తీపి కబురు ఏముంటుంది? ఏళ్లు గడిచినా, విండోస్‌లు మారినా ఈ మాట చావకపోవడానికి కారణం ఆ తీపే.

ఆ టిక్కు చేసే పని సరిగ్గా తలకిందులు. అది పెట్టనప్పుడు విండోస్ ఉన్న కోర్లన్నీ వాడుకుంటుంది. తక్కువ కోర్లున్న మెషీన్‌లో తమ ప్రోగ్రామ్ ఎలా నడుస్తుందో చూసుకునేవాళ్ల కోసం, లోపాలు వెతికేవాళ్ల కోసం పెట్టిన గడి అది. దానితో కోర్లను తగ్గించగలమే తప్ప పెంచలేం. పెద్ద అంకె ఎంచుకుంటే ఉన్నదే ఉంటుంది; చెయ్యి జారి చిన్న అంకె పడితే ఉన్నదీ పోతుంది. పక్కనే ఉన్న గరిష్ఠ మెమరీ గడిదీ ఇదే కథ.

ఇంటర్నెట్‌లో 20 శాతం విండోస్ తనకోసం అట్టిపెట్టుకుంటుందన్నది ఇంకో పాత పుకారు, ఎక్స్‌పీ కాలం నాటిది. ఏదైనా ప్రోగ్రామ్ ప్రత్యేకంగా అడిగితేనే ఆ వాటా దానికి దక్కుతుంది, అడగనంతసేపూ మొత్తం లైను అందరిదీ అని మైక్రోసాఫ్ట్ అప్పుడే వివరణ ఇచ్చింది. అయినా ఆ వాటాను గ్రూప్ పాలసీలో సున్నా చేయమని పింగ్ తగ్గడానికి మందుగా ఇప్పటికీ రాసిస్తున్నారు. హైదరాబాద్‌లో వైఫై మీద ఆడేవాడి పింగ్ ముంబై సర్వర్ దాకా ఉన్న దూరాన్ని బట్టి, రూటర్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య ఉన్న గోడలను బట్టి ఉంటుంది. గ్రూప్ పాలసీలో సున్నా కొడితే గోడలు కరగవు.

ఇక ర్యామ్ క్లీనర్లు. బటన్ నొక్కగానే ర్యామ్ వాడకం 70 శాతం నుంచి 40కి పడిపోతుంది, చూసినవాడికి కడుపు నిండుతుంది. గాదె ఖాళీగా ఉండటం ఇంటికి గొప్పా? 2007లో వచ్చిన విస్టా కాలం నుంచీ విండోస్ కావాలనే మిగులు ర్యామ్‌లో మీరు తరచూ తెరిచే వాటిని ముందుగా నింపి ఉంచుతోంది. గేమ్ అడిగిన మరుక్షణం ఆ చోటు ఖాళీ చేసి ఇచ్చేస్తుంది. క్లీనర్ దాన్నంతా ఊడ్చేస్తే అదే సరుకును మళ్లీ డిస్క్ నుంచి తెచ్చుకోవాలి. ఆ తెచ్చుకునే క్షణంలోనే మీ తెర ఒక్కసారి ఉలిక్కిపడుతుంది. ల్యాగ్ పోగొడతామన్నవాళ్లే ల్యాగ్ తెచ్చిపెడుతున్నారన్నమాట. ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో ఆసరాగా ఉండే పేజ్ ఫైల్‌ను తీసేయమనే సలహా ఇంకా ప్రమాదం, మెమరీ చాలలేదంటూ గేమ్ మధ్యలోనే మూతపడవచ్చు. టాస్క్ మేనేజర్‌లో ప్రయారిటీని రియల్‌టైమ్‌కు పెట్టడం మరీ తెలివితక్కువ పని: మౌసూ, శబ్దమూ తమ వంతు రాక తడబడతాయి.

‘నా కంప్యూటర్‌లో నిజంగానే పెరిగింది, కళ్లతో చూశాను’ అనేవాళ్లున్నారు. వాళ్లు అబద్ధమాడటం లేదు. కానీ చూసింది వేరు, అనుకున్నది వేరు. ఇప్పటి గేములు కొత్తగా ఒక దృశ్యం వచ్చినప్పుడు దానికి కావలసిన షేడర్లను (రంగులు, వెలుగునీడలు లెక్కగట్టే చిన్న ప్రోగ్రాములను) గ్రాఫిక్స్ కార్డుకు తగినట్టు అప్పటికప్పుడు తయారుచేసుకుంటాయి. మొదటిసారి ఆ పని జరిగేటప్పుడు ఆట ఆగి ఆగి వస్తుంది. తయారైనవి డిస్క్‌లో భద్రంగా ఉంటాయి కాబట్టి రెండోసారి అదే చోట సాఫీగా సాగుతుంది. డ్రైవర్ అప్‌డేట్ చేశాక మళ్లీ మొదటికొస్తుంది. ఇప్పుడు మన ప్రయోగం చూడండి. ముందొకసారి ఆడారు, ఇబ్బంది పడ్డారు. రిజిస్ట్రీలో ఏదో మార్చారు, రీస్టార్ట్ చేశారు, మళ్లీ ఆడారు, బాగుంది. రెండోసారి ఆడటం వల్ల వచ్చిన ఫలితం రిజిస్ట్రీ ఖాతాలో పడింది. వెనకాల పెరిగిపోయిన ముప్పై బ్రౌజర్ ట్యాబులను మింగేసిన ఆ రీస్టార్ట్‌కు కూడా పేరు దక్కలేదు, పాపం.

తేల్చుకోవాలంటే ఒకే దృశ్యాన్ని మార్పుకు ముందు కొన్నిసార్లు, తర్వాత కొన్నిసార్లు కొలవాలి. సైబర్‌పంక్ 2077, ఫోర్జా హొరైజన్ 5 వంటి గేముల్లోనే బెంచ్‌మార్క్ ఉంది. సెకనుకు వచ్చే ఫ్రేముల (ఎఫ్‌పీఎస్) సగటుతో పాటు అతి నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల లెక్క కూడా చూడాలి, చేతికి తగిలే కుదుపు అక్కడే బయటపడుతుంది. రెండు మూడు ఫ్రేముల తేడా అయితే అది ఏ రెండు పరుగుల మధ్యనైనా వచ్చేదే.

అసలు లెక్క వేరే చోట ఉంది. సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది 16.7 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో 1080పీ తెర మీద 20.7 లక్షల పిక్సెళ్లకు రంగు తేలాలి. 1440పీకి వెళితే 36.9 లక్షలు. 720పీకి దిగితే 9.2 లక్షలే. గ్రాఫిక్స్ కార్డు పడే కష్టమంతా ఇక్కడే. ఎక్కడో నిద్రపోతున్న ప్రింటర్ సర్వీసును ఆపేస్తే దాని బరువు తగ్గదు. నీడల నాణ్యత ఒక మెట్టు దించడం, రే ట్రేసింగ్ ఆపడం, డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్ వంటి అప్‌స్కేలింగ్‌ను క్వాలిటీ మోడ్‌లో పెట్టడం నేరుగా ఆ భారాన్నే తగ్గిస్తాయి. క్వాలిటీ మోడ్‌లో 1080పీ తెరకు కార్డు గీసేది 720పీ బొమ్మే. అంచులు కొంచెం మెత్తబడతాయి, అది దానికి కట్టే ధర. 2021లో ఏఎండీ తెచ్చిన ఎఫ్‌ఎస్‌ఆర్ తొలి వెర్షన్ ఇతర కంపెనీల పాత కార్డుల మీద కూడా నడుస్తుంది. రిజల్యూషన్ దించినా ఎఫ్‌పీఎస్ కదలకపోతే ఇరుకు ప్రాసెసర్ దగ్గరుందని అర్థం. అప్పుడు చూడాల్సింది జనం రద్దీ, కనుచూపు దూరం వంటి సెట్టింగులు. ఇవన్నీ గేమ్ మెనూలోనే, అందరికీ కనపడేలా ఉన్నాయి. రహస్యం కాదు కాబట్టి వీటికి గిరాకీ లేదు.

విండోస్ సెట్టింగులన్నీ దండగే అనడం కూడా తప్పే. విండోస్ 11లో మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ కొన్ని గేములను నెమ్మదింపజేయవచ్చని మైక్రోసాఫ్టే ఒప్పుకుంది. కావాలంటే ఆపుకోండి, ఆట అయ్యాక మళ్లీ పెట్టుకోండి, ఆపినంతసేపూ రక్షణ తగ్గుతుంది అని చెప్పింది. లాభం ఏమిటి, నష్టం ఏమిటి అని రెండూ చెప్పిన సలహా అది. దాన్ని పట్టుకుని సెక్యూర్ బూట్ కూడా ఆపేయండి అనేవాళ్లకు మాత్రం జవాబు చెప్పాలి. సెక్యూర్ బూట్ పని కంప్యూటర్ లేచేటప్పుడే, ఫ్రేములతో దానికి సంబంధం లేదు. పైగా విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే అది ఆన్‌లో ఉండి తీరాలి. వేగం కోసం ఆపినవాడికి గేమే తెరుచుకోదు.

నిజంగా మార్చాల్సినవి చాలామంది మెషీన్లలో అలాగే పడి ఉన్నాయి. 144 హెర్ట్జ్ మానిటర్ కొని డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 60 మీదే వదిలేసినవాళ్లు ఎందరో. గ్రాఫిక్స్ కార్డు కొని మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు గుచ్చినవాళ్లూ ఉన్నారు. ఇంజినీరింగ్‌లో చేరేటప్పుడు కొనే చవక ల్యాప్‌టాప్‌లలో తరచూ ఒకే ఒక్క 8 జీబీ ర్యామ్ స్టిక్ ఉంటుంది. డీడీఆర్4-3200 స్టిక్ ఒకటి సెకనుకు 25.6 జీబీ మోస్తుంది, రెండు కలిస్తే 51.2. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్‌లో ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్‌కూ కలిపి ఉన్నది ఆ ఒక్క దారే. ఖాళీ స్లాట్ ఉంటే అందులో పెట్టే రెండో స్టిక్ ముందు ఏ రిజిస్ట్రీ మంత్రమూ నిలవదు. ఇక వేడి: జనవరిలో 24 డిగ్రీల గదిలో బాగా నడిచిన ల్యాప్‌టాప్ మే నెల రామగుండంలో 40 డిగ్రీల గాలి పీల్చుకుంటే ప్రాసెసర్‌కు 16 డిగ్రీల వెసులుబాటు పోయినట్టే. 95, 100 డిగ్రీల హద్దు తగిలాక అది తన వేగాన్ని తనే కోసుకుంటుంది. దుమ్ము పట్టిన ఫ్యాన్‌ను శుభ్రం చేయించడం, వెనక భాగం కాస్త ఎత్తి పెట్టడం, ఛార్జర్ తగిలించి ఆడటం గురించి ఎవరూ వీడియో తీయరు.

ఈ ఉచిత సలహాలు ఇప్పుడు బేరంగా కూడా మారాయి. డబ్బు పంపితే రిమోట్‌లో మీ కంప్యూటర్‌లోకి వచ్చి, ఒక స్క్రిప్ట్ నడిపి, ఆప్టిమైజ్ చేశామంటారు. డిఫెండర్ ఆగిపోతుంది, అప్‌డేట్లు ఆగిపోతాయి, వందల రిజిస్ట్రీ విలువలు మారతాయి. ఏవేవి మార్చారో రాసిపెట్టే అలవాటు వాళ్లలో చాలామందికి లేదు. అందుకే కొన్నాళ్లకు బ్లూటూత్ పనిచేయకపోతే దాన్ని ఏ మార్పు చెడగొట్టిందో వెతకడానికి దారి ఉండదు. ముందు రీస్టోర్ పాయింట్ పెట్టి ఉంటే బతికిపోయినట్టే. లేకపోతే ఫైళ్లు ఉంచుకుని విండోస్‌ను రీసెట్ చేసుకోవాలి. అప్పుడు ప్రోగ్రాములన్నీ పోతాయి, సీ డ్రైవ్‌లో వేసిన వంద జీబీ గేమును హాస్టల్ వైఫై మీద మళ్లీ దించుకోవాలి.