కాళ్ల కింది పాత బండ

ఎండలు ముదిరే నెలల్లో మన పల్లెల్లో తరచు వినబడే ప్రశ్న ఒకటుంది. "మూడు వందల అడుగులు దింపినం, దుమ్మే లేచింది. ఇంకో రెండు వందలు దింపాల్నా, వద్దా?" బోరుబండి వారిని అడిగితే దింపమనే అంటారు. వారికి అడుగు లెక్కన కూలి. ఇంట్లో మాత్రం ఆ రెండు వందల అడుగుల కోసం ఇల్లాలి మెడలోని బంగారం కుదువకు పోతుంది. ఈ ప్రశ్నకు జవాబు నేల కింది రాళ్లలోనే ఉంది. కనుక ఈ నెల జహీరాబాదు పక్కనున్న ఝరాసంగం ప్రాంతాన్ని తీసుకొని, అక్కడి భూమిని పైనుండి కిందికి పొరపొరగా చూద్దాం.

మొదటిది ఎర్రరాయి. ఇటుక రంగులో, చిల్లులు చిల్లులుగా ఉంటుంది. నల్లరాయి వేలవేల సంవత్సరాలు ఎండకు, వానకు నాని, అందులోని కరిగే పదార్థాలన్నీ కొట్టుకుపోగా మిగిలిన ఇనుము, అల్యూమినియం గట్టిపడి ఈ రాయి అయింది. పొరుగున ఉన్న బీదరు కోట గోడలు ఈ రాతివే. వాననీరు ఈ చిల్లుల్లో సులభంగా ఇంకుతుంది. కింద బంకమట్టి తగిలిన చోట ఆగి, గట్టు అంచున ఊటగా బయటికి వస్తుంది. ఝర అంటే ఊట, సెలయేరు అని గదా అర్థం! బహమనీ సుల్తానుల కాలంలో బీదరులో తవ్విన సొరంగ కాలువలు ఇలా ఎర్రరాతిలో ఊరే నీటిని పట్టి ఊరికి చేర్చినవే.

రెండవది నల్లరాయి, అంటే బసాల్టు. దాదాపు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల కిందట దక్కను మీద లావా ప్రవాహాలు ఒకదానిపై ఒకటి పారి చల్లారినప్పుడు ఏర్పడింది. మన రేగడి నేలలు దీని నుండి వచ్చినవే. పడమటికి, మహారాష్ట్ర వైపు పోయినకొద్దీ ఈ పొర మందం పెరుగుతుంది. మన వైపు పలుచబడుతూ వచ్చి, హైదరాబాదు చేరేలోగా అంతమైపోతుంది.

మూడవది అన్నిటికీ పునాది. శాస్త్రజ్ఞులు దీనిని నైసు అంటారు. ఇది రూపాంతర శిల, అంటే మొదట ఒక రాయిగా ఉండి, భూమి లోపల కిలోమీటర్ల లోతున వేడికీ ఒత్తిడికీ లోనై, పూర్తిగా కరగకుండానే మరో రాయిగా మారినది. అందులోని పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ తెల్లని చారలుగా, నల్ల అభ్రకం వంటివి నల్లని చారలుగా విడిపోయి వరుసలు తీరాయి. కొన్నిచోట్ల వేడి మరీ ఎక్కువై పాత రాయి కరిగి, తిరిగి గడ్డకట్టి గ్రానైటు అయింది. పటాన్‌చెరు, హైదరాబాదు వైపు దారి పక్కన కనబడే గుండ్లు ఆ గ్రానైటువే. 1914లో పునాది వేసి 1924 క్రిస్మసు నాడు ప్రతిష్ఠించిన మెదకు మహాదేవాలయం కట్టింది కూడా గ్రానైటు రాతితోనే.

ఈ పునాది వయసు ఎంత? జిర్కాన్ అనే సన్నని స్ఫటికాలలో యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిచి లెక్క కడతారు. తెలంగాణలోని ఈ నైసు, గ్రానైటు రాళ్లలో ఎక్కువ భాగం 250 నుండి 270 కోట్ల సంవత్సరాల నాటివి. అంటే పైనున్న నల్లరాతికీ కిందనున్న నైసుకూ నడుమ 240 కోట్ల సంవత్సరాలకు పైగా ఎడముంది. ఆ కాలమంతా ఈ బండ ఎండకు, వానకు అరుగుతూ ఉండిపోయింది.

నల్లరాతి కింద నిజంగా ఇదే ఉందా అని అనుమానం రావచ్చు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారిలో వచ్చిన భూకంపం మన పెద్దలకు గుర్తుంటుంది. ఆ తరువాత అక్కడ లోతుగా రంధ్రం వేసి చూశారు. 338 మీటర్ల నల్లరాయి, కొద్దిపాటి అవక్షేపం, ఆ కింద పాత రూపాంతర శిల బయటపడ్డాయి. మహారాష్ట్రలోనే కొయనా వద్ద 2017లో 3 కిలోమీటర్ల లోతుకు తవ్వినప్పుడు 1,247 మీటర్ల వద్ద నల్లరాయి అయిపోయి ఈ జాతి బండే తగిలింది.

ఇప్పుడు నీటి సంగతి. ఇంటికి బండ పునాది ఎంత మేలో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. నీటికి మాత్రం ఆ గట్టిదనమే అడ్డు. ఇసుకకున్నట్టు నైసుకు లోపల ఖాళీలు ఉండవు. నీరు నిలిచేది రెండు చోట్లే: పైన మెత్తబడి మొరంగా మారిన భాగంలో, దాని కింద పగుళ్లలో. హైదరాబాదు దగ్గరి మహేశ్వరం వద్ద జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వారు ఫ్రెంచి శాస్త్రజ్ఞులతో కలిసి ఏళ్ల తరబడి పరిశీలించారు. అక్కడి గ్రానైటులో నీరిచ్చే పగుళ్లు ఎక్కువగా 40 మీటర్ల లోపే, అంటే దాదాపు 130 అడుగుల లోపే ఉన్నాయని తేల్చారు. అంతకన్నా లోతున పగులు తగలదని కాదు. తగిలినా అది అరుదు, అందులో నిలువ తక్కువ. నల్లరాయి ఉన్నచోట రెండు లావా ప్రవాహాల నడుమనున్న గుల్ల పొరలలో నీరు దొరకవచ్చు. అది దాటి పాత బండలో పడ్డాక ఆశ తగ్గించుకోవాలి.

కాబట్టి బోరు దగ్గర నిలబడిన వారు దుమ్ము రంగు గమనించండి. ఎర్ర దుమ్ము ఎర్రరాతిది, నల్ల దుమ్ము బసాల్టుది. తెల్లగా, అభ్రకం తళుకులతో వస్తే పునాది బండ తగిలినట్టు. ఆ తరువాత వంద అడుగులైనా తడి కనబడకపోతే, ఇంకా దింపే ముందు ఇంటిల్లిపాదీ కూర్చొని ఆలోచించండి. అసలు బోరు వేయకముందే భూగర్భ జల శాఖ వారిని సంప్రదించడం మంచిది. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి కూడా అవసరం.

మరొక మాట తల్లులకు. గ్రానైటు, నైసు రాళ్లలో ఎక్కువ కాలం నిలిచిన నీటికి ఫ్లోరైడు పట్టవచ్చు. నల్లగొండ జిల్లా ప్రజలు పడిన బాధ మనకు తెలిసినదే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీరు తాగడానికి పనికిరాదు. కాచినా ఫ్లోరైడు పోదు. కనుక బోరు నీరు పిల్లలకు తాగించే ముందు పరీక్ష చేయించండి.

మేము చెప్పదలచినది ఇంతే. మన కింద అంతులేని నీటి మడుగు ఏదీ లేదు. పాత బండ మీద, దాని పగుళ్లలో దాగిన నిన్నటి వాన, మొన్నటి వాన మాత్రమే ఉన్నాయి. కుదువ పెట్టి దింపే ఆ రెండు వందల అడుగుల ఖర్చులో కొంత పెట్టి పొలంలో ఒక కుంట తవ్వినా, పూడిన బావిలో మట్టి తీసినా, వచ్చే వాన ఆ పగుళ్లలోకి చేరుతుంది. పక్క చేనివారి బోరుకూ అదే నీరు. పది ఇళ్లవారు కలిసి చేసుకోవలసిన పని ఇది. వానలకు ముందే మొదలుపెట్టండి.