పాత గోడకు సున్నమా, సిమెంటా?

ద్వారక సెక్టార్ 12లో అపార్టుమెంట్ల నడుమ ఓ మెట్లబావి ఉంది. లోహరెహ్రీ అనే పాత ఊరి జనం కోసం లోదీల కాలంలో, 16వ శతాబ్దం మొదట్లో కట్టింది. దాని రాళ్లను పట్టి ఉంచింది సున్నం. చుట్టూ లేచిన సొసైటీలన్నీ సిమెంటు. ఢిల్లీలో ఏ పాత గోడ బీటలిచ్చినా ఈ రెంటి మధ్యే పంచాయితీ.

సిమెంటు కావాలనేవాళ్లది వట్టి తొందరపాటు కాదు. బస్తా వీధి చివర కొట్లో దొరుకుతుంది. వేసిన మర్నాటికే గట్టిపడుతుంది. సున్నమైతే నానబెట్టి మగ్గనివ్వాలి, ఇటుకపొడి కలిపి గానుగ ఆడించాలి, కొన్నిచోట్ల బెల్లం, కరక్కాయ నీళ్లు కూడా పోస్తారు. పూశాక తడిగోనెలు కప్పి రోజుల తరబడి కనిపెట్టుకుని ఉండాలి. ఇవన్నీ తెలిసిన మేస్త్రీ దొరకడమే గగనం. మార్చి నెలాఖరుకు బిల్లు పెట్టాల్సిన ఇంజనీరు ఇంత ఓపిక ఎక్కడ పడతాడు?

అయినా నా మొగ్గు సున్నానికే. కశ్మీరీ గేటు దగ్గర కుద్సియా బాగ్ ఉంది, 1748 ప్రాంతంలో కుద్సియా బేగం వేయించిన తోట. అక్కడ మిగిలిన దర్వాజాలో ఉన్నవి లఖోరీ ఇటుకలు, బాగా పలచనివి. అలాంటి మెత్తటి ఇటుక చెమ్మ పీలుస్తుంది. ఆ చెమ్మ సున్నపు సందుల్లోంచి బయటపడుతుంది. సందుల్ని సిమెంటుతో మూసేస్తే ఇటుక ముఖం నుంచే వెళ్లాలి, వెళుతూ ఉప్పును అక్కడే వదిలిపెడుతుంది. ద్వారక ఉన్న నైరుతి ఢిల్లీలో అసలే ఉప్పునీళ్లు. కొన్నేళ్లకు వేలితో గీస్తే ఇటుక పొడిగా రాలుతుంది. లోపలికి తరిగిపోయిన ఇటుకల మధ్య సిమెంటు మాత్రం తేనెపట్టు గదుల్లా నిలబడి ఉంటుంది. ఇంగ్లండులో జమీందారీ భవనాల తోట గోడలకూ ఇదే గతి పట్టింది. ఒకప్పుడు మంచిదనుకుని పూసిన సిమెంటును ఇప్పుడు ఇటుక చెడకుండా ఉలితో తొలుస్తున్నారు.

అలాగని సున్నం పూస్తే నిశ్చింత అనుకోవద్దు. 2019 మేలో చార్మినార్ మినారు నుంచి గచ్చు పెళ్ల ఊడిపడింది. పైగా సున్నం పేరు చెప్పి పాతదంతా చెక్కేసి, పెళ్లివారిల్లులా తెల్లగా పూసేవాళ్లూ ఉన్నారు. వాళ్లకంటే బీటను బీటగా వదిలేసినవాడే నయం.

రేపో మాపో మనుషుల మీద పడేలా ఒరిగిన గోడ సంగతి వేరు, దానికి ముందు ఊతం పెట్టాలి. మిగతావాటికి డబ్బు వచ్చేదాకా గోడ అడుగున నీళ్లు నిలవకుండా చూసి, రావి మొలకలు ఎప్పటికప్పుడు తీయించినా చాలావరకు ఆగుతాయి.