బొందు బిగువు

సంచీకి బొందు ఎందుకు పెడతాం? లోపలివి బయటపడకుండా. చిల్లర డబ్బుల సంచీ అయినా, వక్కల సంచీ అయినా, బొందు లాగితే మూతి ముడుచుకుంటుంది. ఎంత గట్టిగా లాగినా "అబ్బా" అనదు. దానికి ప్రాణం లేదు గనక.

మరి మన నడుముకో?

ఆరు గజాల చీరనీ, ఆ కుచ్చిళ్ళ బరువునీ రోజంతా మోసేది అరంగుళమైనా లేని లంగా బొందు. "చీర జారితే పరువేం కాను?" అని పెద్దవాళ్ళు నేర్పారు. ఊపిరి బిగబట్టి మరీ ముడి వేస్తాం. రాత్రి పడుకున్నా విప్పం. నడుం చుట్టూ నల్లటి చార లేని ఇల్లాలు మనలో ఎంతమంది?

"అది అందరికీ ఉండేదేగా!" అంటారు. నిజమే, చాలామందికి చారతోనే ఆగుతుంది. కానీ రోజూ ఒకేచోట ఒరిపిడి, దానికి తోడు చెమట. చర్మం ఒరుసుకుపోయి పుండవుతుంది. అది మానేలోపే మళ్ళీ బొందు! ఏళ్ళ తరబడి అలా రేగే పుండు, అరుదుగానే అయినా, కాన్సర్‌గా మారుతుంది. ధోవతి కట్టు వల్ల నడుం దగ్గర వచ్చే కాన్సర్ గురించి డాక్టర్ ఖానోల్కర్, డాక్టర్ సూర్యాబాయి 1945లోనే రాశారు. 2024లో వార్ధా, మధుబని డాక్టర్లు బి.ఎం.జె. కేస్ రిపోర్ట్స్ అనే వైద్య పత్రికలో ఇద్దరు స్త్రీల సంగతి రాశారు. ఒకావిడకి 70 ఏళ్ళు. 18 నెలలుగా మానని పుండు. రెండో ఆవిడ అసలు లంగాయే కట్టలేదు, చీరనే నడుముకి బిగించేది. అంటే తప్పు బొందుది కాదు, బిగువుది.

"లోపలి బట్టల గోల పత్రికల్లో ఎందుకమ్మా?" అనే పెద్దమనుషులుంటారు. ఆ సిగ్గే కదండీ మన కొంప ముంచేది! కాలికి పుండైతే ఇంటిల్లిపాదికీ చూపిస్తాం. నడుం మీద పుండైతే మాత్రం కొబ్బరినూనె రాసి, దానిమీదే బొందు కట్టి వంటింట్లోకి నడుస్తాం. మానని పుండుని డాక్టరుకి చూపించడానికి సిగ్గెందుకు?

చీర మానెయ్యమనడం లేదు. లంగాకి సన్నతాడు బదులు రెండంగుళాల వెడల్పు పట్టీ వేయించుకోండి. వదులుగా కట్టండి. ఒరుసుకున్నచోటే మళ్ళీ కట్టకండి. రాత్రి విప్పేయండి.

"గుడ్డ ఎక్కువ పడుతుందండీ" అంటాడు దర్జీ. పట్టనివ్వండి. జాకెట్టు చేతి దగ్గర పావంగుళం తేడా వస్తే అతన్ని నాలుగుసార్లు తిప్పేవాళ్ళం, రెండంగుళాల పట్టీ కోసం నోరెత్తలేమా?