పాల దవడ పన్ను ముందే పోయిందా? ఆ ఖాళీని వదిలేయకండి

మీ పాపకు ఆరేళ్లు. పుచ్చిన దవడ పన్ను తీయించారు, నొప్పి పోయింది. ‘పాలపన్నే కదా, మళ్లీ వస్తుంది’ అనుకుంటున్నారా?

ముందుపళ్లు ఆరేడేళ్లకే ఊడతాయి. పాల దవడ పళ్లు మాత్రం సాధారణంగా 9 నుంచి 12 ఏళ్ల మధ్య ఊడతాయి. అప్పటిదాకా కింద నుంచి వచ్చే పన్నుకు చోటు కాపాడేవి అవే. ముందే పోతే పక్క పళ్లు ఖాళీలోకి ఒరుగుతాయి. ఎక్కువ నష్టం మొదటి ఆరు నెలల్లోనే. ఆపై కొత్త పన్ను వంకరగా రావచ్చు, లోపలే ఇరుక్కుపోవచ్చు.

దీన్ని ఆపేదే స్పేస్ మెయింటైనర్. పక్క పన్నుకు తొడిగే లోహపు పట్టీ, దానికి అతికిన తీగ. కొలత తీసుకుని సిమెంటుతో అమరుస్తారు. కొత్త పన్ను త్వరలోనే వచ్చేలా ఉంటే అవసరం ఉండదు. అది ఎక్స్‌రేలో తెలుస్తుంది.

ఇటిక్యాల లాంటి మండలాల్లో చిక్కు ఎక్కడ? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల పళ్లూ పరీక్షించాలి. కానీ నిబంధన ప్రకారం బృందం బడికి వచ్చేది ఏడాదికి ఒక్కసారే. ఖాళీ అన్నాళ్లు ఆగదు. అందుకే బృందం కోసం ఎదురుచూడకుండా గద్వాల ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లండి. అక్కడ వీలుకాకపోతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలకు రిఫరల్ అడగండి.

అమర్చాక జిగురు మిఠాయిలు పెట్టకండి. ఆరు నెలలకోసారి చూపించండి. కొత్త పన్ను కనిపించగానే తీయించాలి.

పన్ను తీయించే ముందే డాక్టరును ఒక్క మాట అడగండి: ‘ఈ ఖాళీకి ఏం చేయాలి?’