మొదటి బ్రష్ అద్దెది కాకూడదు, దొంగదీ కాకూడదు

హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ మెట్రో పిల్లర్ల కింద కరపత్రాలు పంచే మల్టీమీడియా ఇన్‌స్టిట్యూట్లలో చాలావరకు అమ్ముతున్నది విద్య కాదు, సాఫ్ట్‌వేర్ల పేర్లు. మాయా, జీబ్రష్, సబ్‌స్టాన్స్ పెయింటర్, మారి, అన్‌రియల్... చివర్న ‘ప్లేస్‌మెంట్ గ్యారంటీ’. నాదర్‌గుల్ నుంచో మీర్‌పేట నుంచో బస్సెక్కి వచ్చిన పిల్లలు ఆ జాబితా ఎంత పొడుగుంటే కోర్సు అంత మంచిదనుకుంటారు. నాన్న అప్పు చేసి ఫీజు కడతాడు. తొలి వారంలోనే చేతికి ఒక పెన్‌డ్రైవ్ వస్తుంది. ‘నెట్ ఆపేసి ఇన్‌స్టాల్ చెయ్’ అన్నదే మొదటి పాఠం.

నా పేచీ ఈ పెన్‌డ్రైవ్ చదువుతోనే. త్రీడీ మోడల్ మీద నేరుగా రంగులు వేయడం నేర్చుకునే పిల్లల చేతిలో మొదటి సాఫ్ట్‌వేర్ నెలనెలా అద్దె కట్టేది కాకూడదు, దొంగతనంగా తెచ్చిందీ కాకూడదు. సొంతానికి దక్కేది కావాలి. ‘ఇండస్ట్రీ స్టాండర్డ్’ అనే మాటతో నా నోరు మూయించాలని చూసేవాళ్లకు కూడా ఇందులోనే జవాబుంది.

ముందు పనేమిటో చూద్దాం. మోడలింగ్ పూర్తయిన వస్తువు బూడిదరంగులో, మచ్చా మరకా లేకుండా ఉంటుంది. దాని ఉపరితలాన్ని విప్పి బల్లపరుపుగా పరవడం యూవీ పని. ఆ తర్వాత బొమ్మను తిప్పుకుంటూ దాని మీదే బ్రష్‌తో రంగు, గరుకు, మెరుపు, గుంటలు వేయడం టెక్స్చర్ పెయింటింగ్. ఆటలకు సబ్‌స్టాన్స్ పెయింటర్, భారీ సినిమాలకు మారి అన్నది నడుస్తున్న వాడుక. న్యూజిలాండ్‌లోని వెటా స్టూడియో ‘అవతార్’ కోసం సొంతంగా తయారుచేసుకున్న మారిని ఫౌండ్రీ సంస్థ 2010లో మార్కెట్లోకి తెచ్చింది. ఒక మోడల్‌ను బోలెడన్ని టైళ్లుగా విడదీసి, 1001 నుంచి నంబర్లు వేసుకుంటూ పోయే యూడీమ్ పద్ధతి కూడా అక్కడ పుట్టిందే. రెండూ గొప్ప సాఫ్ట్‌వేర్లే, కాదనను. గొప్పది కాబట్టి మొదటిరోజే చేతికివ్వాలన్న తర్కమే తప్పు.

నాదర్‌గుల్ కాలనీల్లో ఎండాకాలం తిరిగే నీళ్ల ట్యాంకర్‌నే తీసుకోండి. సబ్‌స్టాన్స్ పెయింటర్‌లో రెడీమేడ్ తుప్పు మెటీరియల్ లాగి దాని మీద పడేస్తే, మోడల్‌కు అంచులెక్కడున్నాయో లెక్కగట్టి అన్ని అంచుల మీదా ఒకే తీరున పెయింట్ గీకి తుప్పు పూస్తుంది. అర నిమిషం పని. చూడ్డానికి బ్రహ్మాండం. కానీ ఆ ట్యాంకర్ ఏ ఊరిదీ కాదు. మన ట్యాంకర్‌కు తుప్పు పట్టేది వెనక వాల్వు కింద, నీళ్లు కారే దారిలో. ఆ చార పక్కనే బోరు నీళ్ల ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. క్లీనర్ కాలు మోపి ఎక్కే మెట్టు మీద మాత్రం పెయింట్ పోయి ఇనుము నిగనిగలాడుతుంది. రోజూ చెప్పు రాపిడి తగిలేచోట తుప్పుకు నిలిచే తీరికుండదు. పైన మూత చుట్టూ నీళ్లు చిందినచోట రంగు ముదురుతుంది, గరుకు తగ్గుతుంది. అంటే బేస్ కలర్ మ్యాపు, రఫ్‌నెస్ మ్యాపు రెండూ కలిసి మారాలి. ఇవేవీ తుప్పును లెక్కగట్టి పూసే ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలియవు. ట్యాంకర్ కోసం బిందె పట్టుకుని నిలబడ్డ పిల్లకు తెలుసు. ఆ తెలివిని బ్రష్‌లోకి దించడమే శిక్షణ. రంగు ఎక్కడ పడాలో ఎక్కడ పడకూడదో చెప్పే మాస్కును చేత్తో దిద్దడం రాకుండా, స్మార్ట్ మెటీరియల్ అనే ఆ రెడీమేడ్ పూతను లాగడం మాత్రమే వచ్చిన పిల్లలను మార్కెట్లోకి తోలుతున్నారు. వాళ్ల పోర్ట్‌ఫోలియోలు తెరిస్తే తుపాకీ, పెట్టె, డ్రమ్ము, అన్నిటి మీదా అదే తుప్పు!

ఇక అద్దె సంగతి. సబ్‌స్టాన్స్ పెయింటర్‌ను 2014లో తెచ్చింది అల్లెగోరిథ్మిక్ అనే ఫ్రెంచి సంస్థ. 2019 జనవరిలో దాన్ని అడోబీ కొనేసింది. 2021లో పేరుకు ‘త్రీడీ’ తగిలించి నెలవారీ చందా బాట పట్టించింది. స్టీమ్‌లో ఏడాది వెర్షన్‌ను ఒకేసారి కొనుక్కునే సన్నని సందు మాత్రం మిగిలింది. జీబ్రష్‌ను మాక్సన్ కొన్నది, అక్కడా చందాయే. చందా ఆగిన రోజున ఏమవుతుంది? ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకున్న బొమ్మలు మిగులుతాయి. లేయర్లు, మాస్కులు, ఎలా వేశామన్న ఆనవాలు అంతా ఉండే అసలు ఫైలు ఆ సాఫ్ట్‌వేర్ లేకుండా తెరుచుకోదు. స్టూడియోకు అది ఖర్చుల పద్దులో ఒక గీత. ఇంకా ఉద్యోగం రాని పిల్లలకు అది చేసిన పనికి పడిన తాళం.

మరి క్రాక్ వెర్షన్? ‘అందరూ వాడేదే కదా అన్నా’ అంటారు. చట్టం అలా అనదు. దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్ ప్రోగ్రామును వాడితే 1957 కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉంది. పట్టుకుంటారా లేదా అన్నది నా ప్రశ్న కాదు. యాంటీవైరస్ ఆపమని చెప్పి, ఎవడు కుట్టాడో తెలియని ఫైలును పిల్లల ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించడం గురువు చేసే పనేనా? ఫీజు మాత్రం అసలుది, సాఫ్ట్‌వేర్ నకిలీది. ఇంతకంటే సిగ్గుమాలిన బేరం సాగర్ రోడ్డు పొడుగునా వెతికినా దొరకదు.

సొంతానికి దక్కే దారి ఉంది. బ్లెండర్‌ను తయారుచేసిన కంపెనీ 2002లో మూతపడితే, దాని సృష్టికర్త టోన్ రోజెండాల్ జనం దగ్గర ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి, కోడ్‌ను విడిపించి, అందరిపరం చేశాడు. ఆ బ్లెండర్‌లోనే తీసిన లాత్వియా సినిమా ‘ఫ్లో’ 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచింది. బ్లెండర్‌లో లోటు లేదనను. రంగులేసేటప్పుడు లేయర్ల వ్యవస్థ పెయింటర్‌లో ఉన్నంత సుఖంగా ఉండదు, నోడ్లతో కట్టుకోవాలి, లేదా యూకుపెయింట్ లాంటి యాడ్ఆన్ వేసుకోవాలి. నోడ్లతో కట్టుకునే ఆ కష్టమే రఫ్‌నెస్ ఎక్కడికి పోతుందో, గుంటలున్నట్టు భ్రమ కలిగించే నార్మల్ మ్యాపు ఏం చేస్తుందో నేర్పేస్తుంది. కొనగలిగితే ఉక్రెయిన్‌లో పుట్టిన త్రీడీకోట్ ఉంది, ఒకసారి కొంటే శాశ్వతం.

ఉచితమన్న మాటకే మోసపోవద్దు కూడా. క్విక్సెల్‌ను ఎపిక్ సంస్థ 2019లో కొని, దాని టెక్స్చర్ సాఫ్ట్‌వేర్ మిక్సర్‌ను ఉచితం చేస్తే అంతా చప్పట్లు కొట్టాం. కొన్నేళ్లకే దానికి కొత్త వెర్షన్లు రావడం ఆగిపోయింది. ఇచ్చినవాడి దయ మీద నడిచే ఉచితం వేరు, ఎవరూ లాక్కోలేని స్వేచ్ఛ వేరు.

ల్యాప్‌టాప్ మాటా చెప్పుకోవాలి. 4కె మ్యాపు ఒక్కటి, 8 బిట్ నాలుగు చానళ్లతో లెక్కేస్తే, మెమరీలో 64 ఎంబీ. రంగు, గరుకు, లోహం, నార్మల్ అని నాలుగు మ్యాపులంటే 256 ఎంబీ. ట్యాంకర్‌ను పది టైళ్లు చేస్తే రెండున్నర జీబీ. లేయర్లు ఇంకా మొదలే కాలేదు! ఈఎంఐ మీద కొన్న 4 జీబీ గ్రాఫిక్స్ కార్డుతో ఇదంతా చేయించబోయి, మెషీన్ ఆగిపోతే ‘నీ సిస్టమ్ సరిపోదు’ అని పిల్లలను చిన్నబుచ్చుతారు. రెండే టైళ్లు, 2కె మ్యాపులతో మొదలుపెట్టమని చెప్పడానికి నోరెందుకు రాదు?

‘సబ్‌స్టాన్స్ రాకపోతే ఉద్యోగం రాదు సార్’ అన్నది చివరి అస్త్రం. వస్తుందయ్యా, అదీ నేర్చుకోండి. గుర్తింపున్న కాలేజీల విద్యార్థులకు అడోబీ ఉచిత లైసెన్సు ఇస్తూ వచ్చింది. నాదర్‌గుల్‌లోని ఎం.వి.ఎస్.ఆర్. ఇంజనీరింగ్ కాలేజీ లాంటి చోట చదివేవాళ్లు ముందు ఆ దారి అడిగి తెలుసుకోవాలి. యూవీలు, మ్యాపులు, మాస్కులు చేతికి వచ్చినవాళ్లకు పెయింటర్ బటన్లు నేర్చుకోవడం పెద్ద పనేం కాదు. తిరగేసి చూడండి, బటన్లే నేర్చినవాళ్లు సాఫ్ట్‌వేర్ మారగానే మళ్లీ అ ఆల దగ్గరికొస్తారు. సాఫ్ట్‌వేర్ మారకుండా ఉండదు. ఒకప్పుడు పెద్ద స్టూడియోలు నెత్తిన పెట్టుకున్న త్రీడీ సాఫ్ట్‌వేర్ సాఫ్ట్‌ఇమేజ్‌ను ఆపేస్తున్నామని 2014లో ఆటోడెస్క్ ఒక్క ప్రకటనతో తేల్చేసింది. హైదరాబాద్‌లోనూ శాఖ నడిపిన గ్రాఫిక్స్ స్టూడియో రిథమ్ అండ్ హ్యూస్ దివాలా తీసిన 2013 ఫిబ్రవరిలోనే ‘లైఫ్ ఆఫ్ పై’కి ఆస్కార్ అందుకుంది. కంపెనీలు మునుగుతాయి, సాఫ్ట్‌వేర్లు చస్తాయి. ‘ఈగ’ గ్రాఫిక్స్‌కు మకుట సంస్థ జాతీయ అవార్డు తెచ్చుకున్న ఈ ఊళ్లో పనికి కొదవ లేదు, కొదవంతా చూసే కన్నుకే.

కాబట్టి అమ్మలారా, అయ్యలారా, ఫీజు కట్టేముందు రసీదు మీద మూడు సంగతులు రాసివ్వమనండి. పాఠం ఏ సాఫ్ట్‌వేర్‌లో చెబుతారు, దాని లైసెన్సు ఎవరి పేరున ఉంది, కోర్సు అయిపోయాక ఆ ఫైళ్లు మా ఇంట్లో దేంట్లో తెరుచుకుంటాయి? సంతకం పెట్టి రాసిస్తే కట్టండి. నసిగితే డబ్బు జేబులో పెట్టుకుని మెట్లు దిగి వచ్చేయండి, ఆ డబ్బుతో పిల్లలకు మంచి గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ కొనిపెట్టండి.