30 పౌండ్ల గొంతు

"పింక్ ఫ్లాయిడ్ ఆడవాళ్ళకెక్కదు" అన్న మాట మొదటిసారి విన్నప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. అన్నవాడు నా క్లాస్‌మేటే. మగపిల్లల హాస్టల్లో చేతులు మారి మారి నా దాకా వచ్చిన తొంభై నిమిషాల క్యాసెట్ అది. 'ద వాల్' ఆల్బమ్. రెండువైపులా విని, నచ్చలేదని తిరిగిచ్చేశాను. ఎందుకు నచ్చలేదని అతను అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని. అడక్కుండానే కారణం తేల్చేశాడు: ఆడవాళ్ళకెక్కదు.

ముప్పై అయిదేళ్ళు గడిచాయి. ఈమధ్య ఒక సెమినార్‌లో భోజనాల దగ్గర ఒక అధ్యాపక మిత్రుడు మళ్ళీ అదే మాట కాస్త మర్యాదగా అన్నారు. "ప్రోగ్రెసివ్ రాక్‌ని ఒక క్రమంలో వినాలండీ. ఓపిక కావాలి. మీరు మాటల దగ్గరే ఆగిపోతారు." ఓపిక గురించి ఆడవాళ్ళకు పాఠాలా! అన్నం చల్లారిపోతున్నా ఆయనకు జవాబు చెప్పడం మొదలుపెట్టాను గానీ, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వి మాట మార్చేశారు. ఆ రోజు పూర్తికాని జవాబే ఈ వ్యాసం.

ముందుగా ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. ఈ సంగీతం నాకు తొందరగా ఎక్కలేదు. 1960ల చివర్లో ఇంగ్లండ్‌లో కొందరు యువకులు మూడు నిమిషాల సినిమా పాటంత కొలతను బద్దలుకొట్టి, రికార్డు ఒక వైపంతా ఒకే పాటగా సాగదీశారు. దాన్నే ప్రోగ్రెసివ్ రాక్ అన్నారు. పింక్ ఫ్లాయిడ్ 1971లో తెచ్చిన 'మెడిల్'లో 'ఎకోస్' అన్న పాట ఇరవై మూడు నిమిషాలుంటుంది. 1975 నాటి 'విష్ యు వర్ హియర్'లో మొదటి పాటలో ఎనిమిది నిమిషాలు దాటేదాకా మనిషి గొంతే వినపడదు. పొయ్యి మీద పాలు, అవతల పిల్లల హోంవర్క్, ఎప్పుడు మోగుతుందో తెలియని కాలింగ్ బెల్. ఎనిమిది నిమిషాల నిరీక్షణ ఎవరికి సాధ్యం? తలుపేసుకుని వినగలిగిన వాళ్ళకి. ఆ తలుపు ఎవరికుందన్నది సంగీతాభిరుచికి సంబంధించిన ప్రశ్న కాదంటారా? నాకైతే అదే మొదటి ప్రశ్న.

నేను వీళ్ళని మిత్రులు చెప్పిన క్రమంలో వినలేదు. ముందు 1973 నాటి 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్', ఎంతో కాలానికి 'విష్ యు వర్ హియర్', తర్వాత ఎప్పుడో 'మెడిల్', ఆఖరున సిడ్ బారెట్ పాటలతో వచ్చిన 1967 నాటి మొదటి ఆల్బమ్. మధ్యలో ఏళ్ళకేళ్ళు ఖాళీ. జవాబుపత్రాలు దిద్దుతూ రాత్రుళ్ళు విన్నాను. 'విష్ యు వర్ హియర్' తమ మధ్య నుంచి మతి చెదిరి తప్పుకుపోయిన స్నేహితుడు బారెట్ కోసం చేసిందని, అది రికార్డవుతున్న రోజుల్లో అతనే గుండు, గీసేసిన కనుబొమలతో స్టూడియోకి వస్తే వెంటనే ఎవరూ పోల్చుకోలేకపోయారని తెలిశాక, ఆ ఎనిమిది నిమిషాలు నాకు ఖాళీగా అనిపించలేదు. చావు కబురు తెచ్చినవాడు గుమ్మంలో నిలబడి వెంటనే నోరు విప్పలేకపోవడం మనకు తెలియంది కాదుగా.

అయితే నన్ను నిజంగా ఈ సంగీతం వైపు లాగింది ఆ నలుగురు మగవాళ్ళూ కాదు. 2011లో మా అమ్మ పోయింది. పదకొండో రోజు దాటాక, ఇల్లు ఖాళీ అయ్యాక, 'డార్క్ సైడ్'లోని 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై' పెట్టుకున్నాను. అందులో పాటగా పాడిన మాట ఒక్కటీ లేదు. పియానో మీద ఒక ఆడగొంతు లేస్తుంది, అరుస్తుంది, బతిమాలుతుంది, చివరికి అలిసి గొణుగుతుంది. మా గోదావరి వైపు ఊళ్ళలో ఆడవాళ్ళు శోకాలు పెట్టి ఏడవడం విన్నవాళ్ళకి ఆ గొంతు కొత్త కాదు. ఏ దేశపు గొంతో అని ఆలోచించే లోపే నా ఏడుపు నాకు వచ్చేసింది. అమ్మ పోయిన రోజు రానిది.

ఆ గొంతు ఎవరిదని వెతికాను. క్లేర్ టోరీ. అప్పటికి పాతికేళ్ళ సెషన్ గాయని. 1973 జనవరి 21, ఆదివారం, లండన్ ఆబీ రోడ్ స్టూడియో. రికార్డింగ్ ఇంజనీరు అలన్ పార్సన్స్ పిలిపించాడు. పాటకు మాటలు లేవు, రాసిచ్చిన స్వరమూ లేదు. చావు గురించి అని మాత్రం చెప్పారు. తన గొంతును ఒక వాద్యం అనుకుని కొన్ని టేకుల్లో పాడేసి, వెళ్ళిపోయింది. ఆదివారం కాబట్టి రెట్టింపు కూలి. ముప్పై పౌండ్లు. రికార్డు బయటికి వచ్చినప్పుడు ఆ పాట రచన రిచర్డ్ రైట్ ఒక్కడి పేరు మీదే ఉంది. గాయనిగా ఆమె పేరు వేశారు, నిజమే. పాడింది అన్నారు. చేసింది అనలేదు.

ఆ ఆల్బమ్ నాలుగు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడైందని అంచనా. ముప్పై ఏళ్ళు దాటాక, 2004లో, ఆమె కోర్టుకెళ్ళింది. ఆ పాటలో రాగం నాది, నేను అక్కడ అప్పటికప్పుడు కట్టింది, కాబట్టి రచనలో నాకు వాటా ఉంది అంది. 2005లో కోర్టు బయట రాజీ కుదిరింది. అప్పటి నుంచి రైట్ పేరు పక్కన ఆమె పేరు కూడా ఉంటోంది.

ఈ సంగతి చెప్పగానే మా అధ్యాపక మిత్రుడి వంటివాళ్ళు మొహం చిట్లిస్తారు. "అంత గొప్ప పాట దగ్గర ఈ డబ్బు లెక్కలెందుకండీ?" అంటారు. లెక్కలు ఎత్తింది మేమా? రోజర్ వాటర్స్ 1985లో బృందాన్ని వదిలేశాడు. ఆ మరుసటేడు పింక్ ఫ్లాయిడ్ అన్న పేరు ఎవరిదన్న దాని మీద కోర్టుకెక్కాడు. 1987 చివర్లో ఒప్పందమయ్యే దాకా ఆ తగువు నడిచింది. దాన్ని ఎంత ఆసక్తిగా చెప్పుకుంటారు! ఎవరు గొప్ప, ఎవరు లేకపోతే ఎవరు లేరు, రాత్రంతా వాదించుకుంటారు. మగవాళ్ళు పేరు కోసం కొట్లాడితే అది సంగీత చరిత్ర. ఆడమనిషి తన పేరు అడిగితే డబ్బాశ! 2024లో ఆ బృందం రికార్డుల హక్కుల్ని సోనీ సంస్థ సుమారు 40 కోట్ల డాలర్లకు కొన్నదని పత్రికలు రాశాయి. సంగీతానికీ లెక్కలకీ సంబంధం లేదని ఇంకా ఎవరికి చెప్తారు?

టోరీ ఒక్కతే కాదు. 'డార్క్ సైడ్'లో వెనక గొంతులు డోరిస్ ట్రాయ్, లెస్లీ డంకన్, లిజా స్ట్రైక్, బ్యారీ సెయింట్ జాన్. నలుగురూ ఆడవాళ్ళే. 'విష్ యు వర్ హియర్'లో వెనెట్టా ఫీల్డ్స్, కార్లీనా విలియమ్స్. ఆ గొంతుల్ని తీసేసి ఒకసారి ఊహించండి. 'మనీ' పాట మొదట్లో చిల్లర గలగలలున్నాయే, అందులో కొంత వాటర్స్ నాణేలను ఒక గిన్నెలో వేసి తిప్పితే వచ్చింది. ఆ గిన్నె అప్పటి ఆయన భార్య జూడీది. ఆమె మట్టిపాత్రలు చేసే కళాకారిణి, తన పనికి వాడుకునే గిన్నె అది. గిన్నెకు కూడా వాటా ఇమ్మంటారా అని వెక్కిరించేవాళ్ళుంటారని తెలుసు. వాటా సంగతి అడగడం లేదు. ఆ ఇంట్లో ఇంకో కళ కూడా ఉండేదని గుర్తుపెట్టుకోమంటున్నాను. అంతే.

ఇక 'ద వాల్'. ఇన్నేళ్ళ తర్వాత, మిగతావి ఇష్టపడటం నేర్చుకున్నాక, దానికి ఇంకో అవకాశం ఇవ్వాలని మళ్ళీ విన్నాను. చదువుల జైలు మీద పిల్లలు పాడే ఆ పాట అందరికీ తెలుసు. 1980లో దక్షిణాఫ్రికాలో నల్లజాతి విద్యార్థులు బడుల బహిష్కరణలో దాన్ని పాడుకుంటే అక్కడి ప్రభుత్వం నిషేధించింది. ఆ గౌరవం ఆ పాటకు ఉండాల్సిందే. కానీ దానికి ముందు రెండు నిమిషాలైనా లేని ఒక చిన్న పాట వస్తుంది. దాన్ని ఎంతమంది శ్రద్ధగా విన్నారు? పిల్లల్ని హింసించే మాస్టార్లు ఎందుకలా తయారయ్యారయ్యా అంటే, ఇంటి దగ్గర భార్యలు వాళ్ళని చావబాదుతారు కాబట్టి, అని ఆ పాట చెబుతుంది. ఆ భార్యలు లావాటివాళ్ళు, మతి లేనివాళ్ళు కూడానట. బడి, రాజ్యం, యుద్ధం ఇన్నిటి మీద అంత కోపం ఉన్న మనిషికి చివరికి దొరికిన మూలకారణం ఇంట్లో ఆడది! గోడకు ఇటుకలు మోసిన వాళ్ళలో కథానాయకుడి తల్లి ఉంది, భార్య ఉంది. 1982లో వచ్చిన సినిమాలో అయితే, గెరాల్డ్ స్కార్ఫ్ బొమ్మల్లో ఆడతనమే ఒక పువ్వై మగవాణ్ణి మింగేస్తుంది.

వాటర్స్ తండ్రి 1944లో ఇటలీలోని ఆన్జియో దగ్గర యుద్ధంలో చనిపోయాడు. అప్పటికి ఈయన నెలల పిల్లాడు. టీచరుగా పనిచేస్తూ ఇద్దరు కొడుకుల్ని పెంచింది తల్లి. పాటలోని తల్లీ ఆయన తల్లీ ఒకరే అని నేననను. కానీ లేకుండా పోయిన తండ్రి ఆయన పాటల్లో అమరుడయ్యాడు, ఉండి పెంచే తల్లి గోడయింది. ఇది ఒక్క ఇంగ్లండ్ కుర్రవాడి కథేనా? మన నవలల్లో కొడుకులు ఎందరు ఇలా రాయలేదు!

కాబట్టి ఇరవై రెండేళ్ళ వయసులో నా చెవి తప్పు వినలేదు. అప్పుడు నాకు ఎక్కకపోవడం నా లోపం కాదు, నా చదువు. ఆ సంగీతానికి నెమ్మదిగా దగ్గరయ్యాను కదా అని ఆ మొదటి వినికిడిని వాపసు తీసుకోను. రెండూ నావే.

మా స్నేహితురాలొకామె, కవయిత్రి, నన్ను ఇంకోలా మందలిస్తుంది. "ఎందుకే ఆ మగాళ్ళ గోల? మనం వినాల్సిన ఆడవాళ్ళే బోలెడంతమంది ఉన్నారు. దులిపేసుకుని రా." ఆమె మాటలో నిజముంది. అయినా నేను రాను. అవతల పడేస్తే క్లేర్ టోరీ కూడా వాటితోనే పోతుంది. ఆమె ఉన్నది ఆ నలుగురి రికార్డులోనే. మనవాళ్ళ పని ఎక్కువ భాగం ఇంకొకళ్ళ పేరున్న అట్టల లోపలే ఉంది. లోపలికి వెళ్ళి వినకపోతే దాన్ని బయటికి ఎవరు తెస్తారు?

ఇంతవరకూ రాసి ఆపేస్తే హాయిగా ఉండేది. ఆపలేను. ఎందుకంటే ఆ ముప్పై పౌండ్లు నేను కూడా ఇచ్చాను.

1989లో ఎం.ఫిల్. కోసం మా ఊరి దళితవాడలో ఊడ్పుల పాటలు రికార్డు చేశాను. ఎక్కువ పాటలు ఒక్కామె దగ్గరివే. నలభై అయిదేళ్ళుంటాయేమో. మా పొలంలోనే కూలికొచ్చేది. "ఇయ్యేం పాటలమ్మాయిగారూ, నడుం పట్టేత్తే మర్సిపోటానికి పాడుకునేయి" అని నవ్వేది. నేను అడిగిన పాట గుర్తు రాకపోతే అప్పటికప్పుడు రెండు చరణాలు కట్టేసేది. అవి బాగున్నాయని నేనే మురిసిపోయాను. శోకం ఒకటి పాడమంటే, చావు లేందే పాడకూడదని, చివరికి నా మొహం చూసి, గొంతు తగ్గించి పాడింది. పెద్దకులం ఇంటి అమ్మాయి అడిగితే కాదనడం ఆమెకు ఎంతవరకు వీలయ్యేదో ఆనాడు నేను ఆలోచించలేదు. ఒక చీర, యాభై రూపాయలు ఇచ్చాను. నా సిద్ధాంత గ్రంథం అట్ట మీద నా పేరుంది. అనుబంధంలో ఆమె గురించి ఒక్క పంక్తి: "వ్యవసాయ కూలీ, నిరక్షరాస్యురాలు, వయస్సు సుమారు 45." పేరు కూడా రాయలేదు. 'సేకరణ' అన్న మాట కింద హాయిగా పడుకున్నాను.

ఆ గ్రంథాన్ని పుస్తకంగా వేస్తామని ఈ సంవత్సరం ఒక ప్రచురణకర్త అడిగారు. అట్ట మీద ఇద్దరి పేర్లూ ఉండాలని, ఆమె పేరే ముందుండాలని, వచ్చే డబ్బులో సగం ఆమె కూతురికి చేరాలని రాసి పంపాను. "పాడినవాళ్ళ పేరు కృతజ్ఞతల్లో వేద్దాం మేడమ్, అట్ట మీద అలవాటు లేదు" అని జవాబొచ్చింది. చాలా మర్యాదగానే రాశారు. అలవాటు లేదట! 1973లో ఆబీ రోడ్‌లో కూడా అలవాటు లేదు.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. ఆమె ఇప్పుడు లేదు. కూతురి అనుమతి అందాకే రాస్తాను. పైగా ఆ పేరు ఉండాల్సింది నా పశ్చాత్తాపంలో కాదు, పుస్తకం అట్ట మీద. వేసే ప్రచురణకర్త దొరికేదాకా ఆ పుస్తకం రాదు.

మన విశ్వవిద్యాలయాల్లో, మన పత్రికల్లో, ఇంటర్వ్యూల పుస్తకాల్లో ఆడవాళ్ళ దగ్గర పాటలు, కథలు, జీవితాలు రికార్డు చేసుకొచ్చిన మనందరం ఒకసారి మన అనుబంధాలు తెరిచి చూసుకోవాలి. పేరు లేని పంక్తులెన్ని? ఎవరికి ఏం ఇచ్చాం? ఆ పాట వాళ్ళు పాడారా, కట్టారా? టోరీకి కోర్టు ఉంది, లాయరు ఉన్నాడు, ముప్పై ఏళ్ళ తర్వాతైనా ఎదురుచూడగలిగిన బతుకు ఉంది. ఊడ్పుల పాటకు అవేవీ లేవు. మన మనస్సాక్షి ఒక్కటే దాని కోర్టు.

2023లో వాటర్స్ 'డార్క్ సైడ్'ని ఒక్కడే మళ్ళీ రికార్డు చేశాడు. ఆ గొంతు ఉండాల్సిన చోట తన మాటలు పరిచాడు. విన్నాను. ఓపికగానే, తలుపేసుకుని, మొదటి నుంచి చివరిదాకా విన్నాను. తర్వాత పాతది పెట్టుకున్నాను.