ఓపికకు జీతం ఎవరిస్తారు?

గ్రెగ్ డి మూర్, ఆన్ వెస్ట్‌మోర్ కలిసి రాసిన ‘ఫైండింగ్ శానిటీ’ ఈ మధ్యే చదివి ముగించాను. 2016లో వచ్చిన పుస్తకం. బైపోలార్ వ్యాధికి లిథియం పనిచేస్తుందని ఆధునిక వైద్యానికి చాటిన ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ జీవితచరిత్ర. సింగపూర్ పతనం తరవాత మూడున్నరేళ్ళు చాంగీ యుద్ధఖైదీల శిబిరంలో గడిపి, ప్రాణాలతో తిరిగివచ్చిన మనిషి ఆయన. మెల్బోర్న్ శివార్లలోని బుండూరా మానసిక చికిత్సాలయంలో ఉద్యోగంలో చేరాడు. అక్కడ వాడకుండా వదిలేసిన ఒక వంటగదినే ప్రయోగశాలగా మార్చుకుని గినీపందుల మీద ప్రయోగాలు చేశాడు. రోగుల మూత్ర నమూనాలను ఇంట్లో ఫ్రిజ్‌లోనే దాచేవాడట. చివరికి 1949లో, ఉన్మాదంతో బాధపడుతున్న పదిమంది మీద లిథియం ఎలా పనిచేసిందో మెడికల్ జర్నల్ ఆఫ్ ఆస్ట్రేలియాలో ప్రకటించాడు.

ఇలాంటి కథలంటే మా వృత్తిలో అందరికీ ఇష్టమే. ఈ కథ చెప్పిన ప్రతిసారీ చివర ఒక నీతివాక్యం కూడా తగిలిస్తాం: చూశారా, డబ్బు లేకపోయినా తపన ఉంటే చాలు, ఈ కాలం పిల్లలకే అన్నీ అమర్చిపెట్టాలి అని. నా వయసు వైద్యులు సదస్సుల్లో భోజనాల దగ్గర ఈ మాట అనగా చాలాసార్లు విన్నాను. నేనూ అన్నాను. పుస్తకం చదివాక ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించింది. ఈ వ్యాసం అందుకే.

కేడ్‌కు పరిశోధన కోసం పెద్ద నిధులేమీ లేని మాట నిజం. కానీ ఆయనకు ఉద్యోగం ఉంది. నెల తిరిగేసరికి జీతం వస్తుంది. ఏడాది తిరిగేసరికి ఈ కొలువు ఉంటుందో ఊడుతుందో అన్న బెంగ లేదు. తాను చూస్తున్న రోగులు రేపూ అదే వార్డులో ఉంటారు, వాళ్ళను చూడటానికి రేపూ తనే వస్తాడు. ఈ నిశ్చింత ఖరీదును మనం లెక్కగట్టం. వంటగదినీ, గినీపందులనీ గుర్తుపెట్టుకుని జీతాన్ని మరిచిపోతాం.

అసలు లిథియం కథ 1949తో ముగిసిపోలేదు, అక్కడ మొదలైంది. కేడ్ మందిచ్చిన మొట్టమొదటి రోగి ఆశ్చర్యంగా కోలుకుని ఇంటికి వెళ్ళాడు. మందు మానేశాడు, జబ్బు తిరగబెట్టింది. మళ్ళీ మందు వాడే క్రమంలో అది విషంగా మారి 1950లో మరణించాడు. దాంతో కేడ్ వెనక్కి తగ్గాడు. రక్తంలో లిథియం మోతాదును కొలుస్తూ జాగ్రత్తగా వాడవచ్చని అదే మెల్బోర్న్‌లో ట్రౌట్నర్, ఆయన సహచరులు చూపించారు. డెన్మార్క్‌లో మోగెన్స్ షో 1954లో పద్ధతి ప్రకారం పరీక్ష జరిపాడు. షో, బాస్ట్రప్ కలిసి 88 మంది స్త్రీలను ఆరేళ్ళకు పైగా గమనించి, ఈ మందు ఉన్మాదాన్ని తగ్గించడమే కాదు, జబ్బు తిరిగి రాకుండా కూడా ఆపుతుందని 1967లో ప్రకటించారు. అమెరికాలో అనుమతి వచ్చేసరికి 1970. అంటే మొదటి వ్యాసానికీ దానికీ మధ్య ఇరవయ్యొక్క ఏళ్ళు. లిథియం ఒక లవణం, దాన్ని పేటెంటు చేసుకుని లాభం గడించే వీలు లేదు. కాబట్టి మందుల కంపెనీలు తమంతట తాము ముందుకు వచ్చే ప్రశ్నే లేదు. ఉద్యోగ భద్రత ఉన్న కొందరు వైద్యులూ శాస్త్రవేత్తలూ ఓపిగ్గా కూర్చుని చేసిన పని అది.

ఆ 88 మందినీ మూడేళ్ళు చూసి ఆపేసి ఉంటే ఏం తెలిసేది? మానసిక వ్యాధుల స్వభావమే అది. అవి వస్తాయి, పోతాయి, మళ్ళీ వస్తాయి. కాలు విరిగితే ఎక్స్‌రే తీసి అతికిందో లేదో ఆరు వారాల్లో చెప్పవచ్చు. కుంగుబాటు నుంచి బయటపడ్డ మనిషి నిజంగా బయటపడ్డాడో లేదో చెప్పడానికి ఏళ్ళు కావాలి. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’నో, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’నో చదివిన మనకు ఈ సంగతి వైద్యులు చెప్పనక్కరలేదు. మనసు తన లెక్కలో తాను నడుస్తుంది. దాన్ని అధ్యయనం చేసే యువతీయువకులను మాత్రం మనం రెండేళ్ళ కాంట్రాక్టు మీద, మూడేళ్ళ కాంట్రాక్టు మీద పెట్టుకుంటున్నాం. నా అభ్యంతరమంతా ఈ ఒక్క విషయం మీదే.

నేను పనిచేసే బ్రిటన్ సంగతే చెబుతాను. ఇక్కడి ఎం.క్యూ. అనే స్వచ్ఛంద సంస్థ 2014 నుంచి 2017 దాకా లెక్కలు తీస్తే, మానసిక ఆరోగ్య పరిశోధనకు దేశం మొత్తం మీద ఏడాదికి సగటున 12.4 కోట్ల పౌండ్లు వెచ్చిస్తున్నట్టు తేలింది. వ్యాధి ఉన్న ఒక్కొక్కరికి లెక్కవేస్తే తొమ్మిది పౌండ్ల చిల్లర. అదే క్యాన్సర్‌కైతే ఒక్కొక్కరికి 228 పౌండ్లు. క్యాన్సర్‌కు ఎక్కువ ఇస్తున్నారని కాదు నా బాధ, ఆ వ్యాధి నుంచి ఈనాడు ఇంతమంది బతికి బయటపడుతున్నారంటే ఆ డబ్బు చలవే. దశాబ్దాల తరబడి ఆగకుండా అందిన డబ్బు ఏం చేయగలదో క్యాన్సర్ చూపించింది. మనసు జబ్బులకు ఆ అవకాశం ఇంకా రాలేదు. 2021లో వెల్‌కమ్ ట్రస్టు తన కొత్త విధానంలోని మూడు ప్రధాన లక్ష్యాల్లో మానసిక ఆరోగ్యాన్ని ఒకటిగా చేర్చింది. అది మంచి మలుపే.

అయితే మొత్తం ఎంత అన్నది ఒక ప్రశ్న, అది ఎవరికి, ఎంతకాలం అందుతుందన్నది ఇంకో ప్రశ్న. వైద్యులకు ఇక్కడ ఒక నిచ్చెన ఉంది. సైకియాట్రీలో శిక్షణ పొందే యువ డాక్టరు అకడమిక్ క్లినికల్ ఫెలోగా ఎంపికైతే మూడేళ్ళపాటు తన పనివేళల్లో పావు వంతు పరిశోధనకు దక్కుతుంది. పీహెచ్‌డీ చేసి క్లినికల్ లెక్చరర్ అయితే నాలుగేళ్ళపాటు సగం కాలం దక్కుతుంది. అదేదీ కుదరకపోతే ఆసుపత్రి ఉద్యోగం ఎలాగూ ఉంది. పడితే పట్టుకోవడానికి కింద వల ఉంది. కానీ మానసిక పరిశోధనలో ఎక్కువ భారం మోసేది మేం కాదు. సైకాలజిస్టులు, గణాంక శాస్త్రవేత్తలు, నర్సులు, సామాజిక శాస్త్రాలు చదివినవాళ్ళు. సైకాలజిస్టులలో, నర్సులలో కొందరికి తిరిగి వెళ్ళడానికి వైద్యసేవ ఉంటుంది. మిగతావాళ్ళకు ఒక గ్రాంటు అయిపోతే ఇంకో గ్రాంటు, అది రాకపోతే ఇంటికి. ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకే వ్యాసం రాస్తున్న ఇద్దరిలో ఒకరికి వల ఉంది, ఇంకొకరికి లేదు.

వల లేనివాళ్ళలో నాకు తెలిసిన ఒక తెలుగమ్మాయి ఉంది. పండగలకు మా ఇంటికి వచ్చేది. కాన్పు తరవాత దక్షిణాసియా తల్లులలో వచ్చే కుంగుబాటు ఆమె పీహెచ్‌డీ విషయం. ఆ తల్లులు మొదటిసారి వెళితే అంతా బాగానే ఉందంటారు. రెండోసారి టీ ఇస్తారు. మూడోసారో నాలుగోసారో, అత్తగారు బజారుకు వెళ్ళిన సమయం చూసి, రాత్రిళ్ళు బిడ్డ ఏడుస్తుంటే తనకు వచ్చే ఆలోచనల గురించి నోరు విప్పుతారు. ఆ మూడోసారి దాకా ఆగగలగడమే ఆమె విద్య. తెలుగు, హిందీ, ఉర్దూ మాట్లాడగలగడం వల్ల ప్రశ్నాపత్రాలకు దొరకని సంగతులు ఆమెకు దొరికేవి.

పీహెచ్‌డీ తరవాత ఆమెకు రెండేళ్ళ ఉద్యోగం దొరికింది. ఆపైన తొమ్మిది నెలల పొడిగింపు, ఆ తరవాత ఆరు నెలలు. చివరి ఏడాదంతా తల్లుల ఇళ్ళకు వెళ్ళిన రోజులకన్నా దరఖాస్తులు నింపిన రోజులే ఎక్కువ. వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంది కాబట్టి, ఉద్యోగం పోతే అరవై రోజుల్లో కొత్తది వెతుక్కోవాలి, లేదా దేశం విడిచి వెళ్ళాలి. తాను ఒక ఫెలోషిప్‌కు పెట్టుకున్న దరఖాస్తు చివరి వడపోత దాకా వెళ్ళి ఆగిపోయింది. ఇప్పుడు ఒక బీమా కంపెనీలో గణాంకాల విభాగంలో మంచి జీతానికి చేస్తోంది. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టను. కిందటి సంక్రాంతికి వచ్చినప్పుడు మాత్రం ఒక మాట అంది: “అంకుల్, ఆ పిల్లలు ఇప్పుడు బడికి వెళ్ళే వయసుకు వచ్చుంటారు. వాళ్ళూ వాళ్ళ అమ్మలూ ఎలా ఉన్నారో కనుక్కోవడం నా పని. ఇప్పుడది ఎవరి పనీ కాదు.”

ఒక మనిషి ఉద్యోగం మారితే లోకం మునిగిపోదు. కానీ ఆమెతోపాటు ఏం పోయిందో చూడండి. ఆ తల్లులకు మళ్ళీ ఫోను చేసే మనిషి పోయింది. చేసినా ఇంకొకరికి ఆ తలుపులు అంత సులువుగా తెరుచుకోవు. సేకరించిన సమాచారం ఏదో సర్వరులో ఉండే ఉంటుంది. నమ్మకాన్ని మాత్రం సర్వరులో దాచలేం.

దీనికి నాకు ఎదురయ్యే సమాధానాలు రెండు. మొదటిది: చికిత్స కోసం జనం నెలల తరబడి ఎదురుచూస్తుంటే పరిశోధకుల జీతాల సంగతేమిటి? వార్డులో పనిచేసేవాడిగా ఈ ప్రశ్న బరువు నాకు తెలుసు. మాత్రలు మింగి అర్ధరాత్రి వచ్చే పిల్లలను చూసేది మేమే. వాళ్ళ శరీరాలను మేం గట్టెక్కిస్తాం. ఆ తరవాత మళ్ళీ ఆ పని చేయకుండా ఏం చేయాలన్నదానికి మా దగ్గరున్న సమాధానాలు చాలా పలచన. ఎదురుచూపుల వరస చివర అందే చికిత్స సరిగా పనిచేయాలంటే, ఏది ఎవరికి పనిచేస్తుందో ఎవరో ఒకరు ముందుగా కనుక్కుని ఉండాలి కదా.

రెండోది ఇంకా గట్టి వాదన. 2002 నుంచి 2015 దాకా అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థకు అధిపతిగా ఉన్న థామస్ ఇన్సెల్ తన హయాంలో దాదాపు 2,000 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టించాననీ, మంచి శాస్త్రం పుట్టింది గానీ ఆత్మహత్యలు తగ్గలేదనీ, రోగుల జీవితాలు మెరుగుపడలేదనీ తానే ఒప్పుకున్నాడు. 2022లో వచ్చిన ఆయన పుస్తకం ‘హీలింగ్’ ఆ ఆత్మపరిశీలనే. అలాంటప్పుడు ఇంకా డబ్బు దేనికి అనవచ్చు. నాకు ఆ పుస్తకం ఇంకోలా అర్థమైంది. ఆ డబ్బులో పెద్ద భాగం మెదడు మీదా జన్యువుల మీదా జరిగే భారీ ప్రయోగాలకు పోయింది. ఇంటి గడప దాకా వెళ్ళి, రోగి బతుకులో ఏం మారిందో ఏళ్ళ తరబడి చూసే పని అంత ఖరీదైనది కాదు. దానికి కావలసింది యంత్రాలు కాదు, మనుషులు, అదీ మధ్యలో వెళ్ళిపోనక్కరలేని మనుషులు.

అలాంటి పనికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. వెల్‌కమ్ ట్రస్టు, భారత ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం కలిసి 2008లో స్థాపించిన ఇండియా అలయన్స్ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. అది ఇచ్చే ఫెలోషిప్పులు ఐదేళ్ళవి. అలాంటి ఒక ఫెలోషిప్ అందుకున్న డాక్టర్ పల్లబ్ మౌలిక్ బృందం పశ్చిమ గోదావరి పల్లెల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లెట్లు ఇచ్చి, కుంగుబాటుతో ఉన్నవాళ్ళను గుర్తించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు చేర్చే పద్ధతిని పరీక్షించింది. గిరిజన గ్రామాల్లోనూ చేసింది. ఆ తొలి అడుగు తరవాత ఆంధ్రలోనూ హర్యానాలోనూ పెద్ద పరీక్ష నడిచింది. మన దేశంలో మానసిక రుగ్మతలు ఉన్నవారిలో, రుగ్మతను బట్టి, 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని 2015-16 జాతీయ సర్వే చెప్పింది. అలాంటి చోట ఐదేళ్ళ నిశ్చింత ఎంత పని చేయించగలదో ఆ గోదావరి పల్లెలు చూపించాయి.

నేను కోరేది పెద్ద బహుమతులు కాదు. ఏటా కొందరికి ఘనమైన ఫెలోషిప్పులు వస్తూనే ఉన్నాయి, వాళ్ళు నిలదొక్కుకుంటారు. కింది మెట్లు విరిగిపోయిన నిచ్చెనకు పైమెట్టు మీద బంగారు పూత పూసి లాభం లేదు. ఒక అధ్యయనానికి ఐదేళ్ళు కావాలంటే దాన్ని చేసే మనిషికి కూడా ఐదేళ్ళ ఉద్యోగం ఇవ్వాలి. ఒక గ్రాంటు అయిపోయి ఇంకొకటి వచ్చేలోపు ఆరు నెలలో, ఏడాదో విశ్వవిద్యాలయమే జీతమిచ్చి నిలబెట్టుకోవాలి. సైకాలజిస్టులకూ నర్సులకూ సగం సేవ, సగం పరిశోధన అనే శాశ్వత ఉద్యోగాలు ఆసుపత్రుల్లోనే విరివిగా ఉండాలి. ఇవేవీ కొత్త ఆలోచనలు కావు. వీటికి శంకుస్థాపనలూ శిలాఫలకాలూ ఉండవు కాబట్టి ఎవరికీ ఉత్సాహం పుట్టదు, అంతే.

శిలాఫలకాల మాట వచ్చింది కాబట్టి మావాళ్ళతోనూ ఒక మాట. విదేశాల్లో స్థిరపడిన తెలుగు వైద్యులం మేం చదువుకున్న కాలేజీలకు గదులు కట్టించాం, పరికరాలు కొనిచ్చాం. మంచి పనులే, నేనూ చందా వేశాను. ఈసారి పూర్వ విద్యార్థి సంఘంలో ఒక ప్రతిపాదన పెట్టబోతున్నాను. గది వద్దు. విశాఖలోనో, ఎర్రగడ్డలోనో పనిచేయడానికి సిద్ధపడే ఒక యువ సైకియాట్రిస్టుకు, ఒక యువ సైకాలజిస్టుకు ఐదేళ్ళ జీతం మనం భరిద్దాం. మొదటి రెండేళ్ళలో ఏం కనిపెట్టారని అడగకూడదన్నది షరతు. రోగులను వరసగా చూడనిద్దాం, రాసుకోనిద్దాం.

ఈ ప్రతిపాదన నెగ్గుతుందో లేదో చెప్పలేను. గోడ మీద పేరు లేని దానికి డబ్బు పోగుచేయడం కష్టం. పుస్తకాలు చదివేవాళ్ళకు మాత్రం ఇది అర్థమవుతుందన్న నమ్మకంతో ముందు ఇక్కడ రాశాను.